వేలంపాట లడ్డూ

“చెప్పు చెల్లె. సంతకం పెడుతవా, పెట్టవా?”

గౌతమ్ ఈ మాట అడగడం పొద్దుటి నుంచి నాలుగోసారి. స్టాంపు కాగితం మంచం మీద పరిచి ఉంది. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా దాని మీద రెండు టమాటాలు పెట్టారు. కూరకని తీసి మధ్యలో వదిలేసిన టమాటాలవి. మధ్యాహ్నం రెండు దాటినా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

రూప గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఒళ్లో ఫరీదా టైలరింగ్ షాపు నుంచి తెచ్చుకున్న జాకెట్టు, చేతిలో సూది. సాయంత్రానికల్లా హుక్కులు కుట్టి ఇచ్చేయాలి. అన్న గుమ్మంలో అడుగు పెట్టినప్పటి నుంచి ఒక్క హుక్కూ పడలేదు.

“నువ్వు మాట్లాడకపోతే మొండయ్యకు నేనేం చెప్పాలె? రేపు పది గంటలకు పైసల సంచి పట్టుకొని జనగామ కోర్టు కాడికి వస్తడాయన. రెండు లక్షలు. నేను మాటిచ్చిన.”

“నన్నడిగి ఇచ్చినవా?”

“అడిగితె ఔనంటవా?”

అన్నాచెల్లెళ్ల మధ్య ఇలాంటి మాటలు మూడేళ్ల కిందట ఉండేవి కావు. నెల్లికుదురులో ఎరువుల దుకాణంలో గుమాస్తాగా పనిచేసే గౌతమ్, చెల్లెలంటే ప్రాణం పెట్టే మనిషే. కానీ కోర్టు చుట్టూ తిరగడం మొదలుపెట్టాక ఎంతటి ప్రాణమైనా కొంచెం కొంచెంగా అరిగిపోతుంది.

రూప మొగుడు ప్రకాశ్ పెళ్లాన్నీ బిడ్డనూ వదిలి భూపాలపల్లి వెళ్లిపోయి మూడేళ్లు. పాప ఖర్చులకు నెలకు నాలుగు వేలు ఇవ్వమని కోర్టు చెప్పి పందొమ్మిది నెలలు. ఆ నాలుగు వేలలో నాలుగు రూపాయలు కూడా తొర్రూరులో ఉన్న రూపకు చేరలేదు. మొదటిసారి నోటీసు పంపితే ‘ఇంటికి తాళం’ అని తిరిగొచ్చింది. రెండోసారి ‘ఆసామి ఊళ్లో లేడు’ అని వచ్చింది. మూడోసారి ఆసామి ఊళ్లోనే ఉన్నాడు గానీ ఆదాయం లేకుండా పోయింది. ఎవరిదో టిప్పరు మీద క్లీనరుగా చేస్తున్నాననీ, తొమ్మిది వేల జీతమనీ, అందులో నాలుగు వేలు ముసలి తల్లి మందులకే పోతాయనీ ప్రమాణం చేసి మరీ కాగితం దాఖలు చేశాడు. మనిషి దొరికితే డబ్బు దొరకదు, డబ్బు జాడ తెలిస్తే మనిషి దొరకడు. ఇప్పుడు మొండయ్య అనే పెద్దమనిషిని మధ్యలో పెట్టి రాజీ అంటున్నాడు.

“గా కాగితంల ఏం రాసిన్రో చదివినవా అన్నా?” అంది రూప.

“చదివిన.”

“రెండు లక్షలు తీసుకొని కేసు వాపసు తీసుకోవాలె. ఇగ మీదట పిల్ల సదువుకు, దవాఖానకు, పెండ్లికి, దేనికీ తండ్రిని అడగొద్దు. గట్లనే రాసిన్రు గదా?”

“గట్లనే రాసిన్రు.”

“మేఘనకు పదేండ్లు. రెండు లక్షలు ఎన్ని రోజులొస్తయి?”

గౌతమ్ కాసేపు ఫ్యాను వైపు చూశాడు.

“సున్నా కంటె ఎక్కువ రోజులే వస్తయి చెల్లె.”

అన్న తప్పు మాట్లాడుతున్నాడని తిట్టగలిగితే ఎంత బాగుండేది. తప్పు మాట్లాడటం లేదు. వకీలు ఫీజు ఆయనే కడుతున్నాడు. వాయిదా ఉన్న ప్రతిసారీ దుకాణంలో సెలవు పెట్టి వస్తున్నాడు. ఒక్కసారీ మొహం చిట్లించలేదు. ఇవాళే చిట్లించాడు.

“నీ వదిన ముంగట తలకాయ ఎత్తలేకపోతున్న,” అన్నాడు మెల్లగా. “నువ్వు అడిగినవని కాదు. నేనే ఇచ్చిన. కానీ ఎన్నొద్దులని ఇయ్యాలె?”

రూప సూదిని జాకెట్టుకు గుచ్చి పక్కన పెట్టింది. మోకాళ్ల మీద లేచి మంచం దగ్గరకు జరిగింది. టమాటాలు తీసింది. కాగితం చివర ఆమె పేరు టైపు చేసి, దాని పైన సంతకానికి జాగా వదిలారు. ఓడిపోవడానికి కూడా ఇంత శుభ్రంగా జాగా వదులుతారని ఆమెకు అంతకుముందు తెలియదు. పెన్ను చేతిలోకి తీసుకుంది.

“అమ్మా,” అని గుమ్మంలోంచి మేఘన పిలిచింది. “నానమ్మ వచ్చింది.”

లీలావతి లోపలికి రాలేదు. చెప్పులు విడిచి, గడప బయటే నిలబడింది. బచ్చన్నపేట నుంచి జనగామకు ఒక బస్సు, జనగామ నుంచి తొర్రూరుకు ఇంకో బస్సు. చీర అంచంతా దుమ్ము. చంకలో గుడ్డ సంచి. కొడుకు కోడలిని వదిలేశాక ఈ మూడేళ్లలో ఆమె ఈ గడప తొక్కడం ఇదే మొదలు.

గౌతమ్ లేచి నిలబడ్డాడు, మర్యాదకో కోపానికో ఆయనకే తెలియలేదు.

“మంచినీళ్లు తేపో మేఘనా,” అంది రూప చివరికి.

నీళ్లు తాగాక లీలావతి గడప దాటి, గోడ వారగా కూర్చుంది. రెండు చేతులూ సంచి మీదే ఉన్నాయి.

“ఎందుకొచ్చిన్నని అనుకుంటున్నరేమో,” అంది. “గొడవకు రాలే. పోరికి పరసాదం తెచ్చిన. అదిచ్చి మల్ల మూడు గంటల బస్సుకు పోత.”

“ఏం పరసాదం అత్తమ్మా?” అన్నాడు గౌతమ్. ఆ ‘అత్తమ్మ’ అలవాటుగా వచ్చింది, ఇష్టంగా కాదు.

“గణపతి లడ్డు. మొన్న నిమజ్జనం రోజు మావోడు వేలంపాటల పాడిండు.” లీలావతి గొంతులో గొప్ప ఒక్క క్షణం తొంగి చూసి, వెంటనే తగ్గిపోయింది. “నిన్న డ్రైవరుతోటి సుట్టాలందరికి డబ్బాలు పంపిండు. పేర్లు రాసి పంపిండు. అండ్ల మేఘన పేరు లేదు. నాకు మనసున పట్టలే. లడ్డు పాడినోల్ల రక్తం ఎక్కడుంటె గక్కడికి ముక్క పోవాలె. ఒక్కల్లకు తప్పినా ఆ యేడు కలిసి రాదంటరు. గందుకే నాకిచ్చిన డబ్బా తెచ్చిన.”

సంచిలోంచి ప్లాస్టిక్ డబ్బా తీసి మనవరాలి చేతిలో పెట్టింది. మేఘన మూత తీయలేదు. మూత మీద మెరిసే స్టిక్కరు అంటించి ఉంది. అక్షరాలు కనిపిస్తే చదవకుండా ఉండలేని పిల్ల అది. గట్టిగా చదివింది.

“వరుసగా రెండోసారి మహా లడ్డూను ఒక లక్షా యాభై ఒక వేల నూట పదహార్లకు దక్కించుకున్న భక్తాగ్రేసరులు శ్రీ ప్రకాశ్ గారు, మేఘన ట్రాన్స్‌పోర్ట్ యజమాని.” చదివి తల ఎత్తింది. “ఇది నా పేరే గదా నానమ్మా?”

“నీ పేరే బిడ్డా. రెండు టిప్పర్ల మీద నీ పేరే రాయించిండు. ముంగట అద్దం మీద ఎర్రగ.”

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని పెద్దలు ఊరికే అనలేదు. ఇంట్లో పిల్ల స్కూలు ఫీజు రెండు టర్ములు బాకీ. బయట అదే పిల్ల పేరు భూపాలపల్లి బొగ్గు రోడ్ల మీద ఎర్ర అక్షరాల్లో ఊరేగుతోంది.

గౌతమ్ డబ్బాను మేఘన చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్లాడు. ఒకసారి చదివాడు. రెండోసారి వేలు పెట్టి చదివాడు. స్టిక్కరు మీద ప్రకాశ్ మెడలో పూలదండ, భుజం మీద కాషాయ కండువా, నెత్తి మీద లడ్డూ పళ్లెం. తొమ్మిది వేల జీతగాడికి అంత వెలుగు మొహంలోకి ఎక్కడి నుంచి వస్తుందో ఫోటో తీసినవాడికే తెలియాలి.

“చెల్లె, పెన్ను కింద పెట్టు,” అన్నాడు గౌతమ్.

పెన్ను ఇంకా తన చేతిలోనే ఉన్నట్టు రూపకు అప్పుడు తెలిసింది.

“రేపు గిది కోర్టుల పెడుదం. డబ్బా డబ్బానే పెడుదం.”

లీలావతికి సంగతి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థం కాగానే లేచి వచ్చి గౌతమ్ చేతిలోని డబ్బాను పట్టుకుంది.

“నేను దేవుని పరసాదం తెచ్చిన గౌతమ్. సాక్ష్యం తేలే.”

“అత్తమ్మా, మీ కొడుకు కోర్టుల ఏమని రాసిచ్చిండో ఎరుకనా మీకు?”

“ఏదన్న రాయని. కన్నతల్లి చేతుల మీదికెంచి కొడుకును పట్టిస్తరా? పోరి కోసమని వస్తె నాకు గిదా మర్యాద?”

డబ్బా ఒక చివర ఆమె చేతిలో, ఇంకో చివర గౌతమ్ చేతిలో. మధ్యలో వినాయకుడి లడ్డూ.

“ఇడిచిపెట్టు అన్నా,” అంది రూప.

గౌతమ్ నమ్మలేనట్టు చూశాడు.

“ఇడిచిపెట్టు. ఆమె పిల్లకని తెచ్చింది. ఆమె వద్దంటె నేను తీసుకపోను. ఇంకేమన్న దారుంటె సూసుకుంట.”

మూడేళ్లుగా వెతుకుతున్నది చేతికి అందేంత దూరంలో ఉంది. అయినా ఆ ముసలామె రెండు బస్సులు మారి వచ్చింది పిల్ల కోసం. ఆ ప్రేమను తీసుకెళ్లి బోనులో నిలబెట్టడం రూపకు చేతకాలేదు.

గౌతమ్ డబ్బా వదిలేశాడు. మంచం మీద కూర్చుని తల పట్టుకున్నాడు.

“ఏం రాసిచ్చిండు?” అంది లీలావతి ఉన్నట్టుండి.

రూప బీరువా తలుపు తీసి కోర్టు కాగితాల కట్ట బయటకు తెచ్చింది. కావాలని చదవలేదు. అడిగింది కాబట్టి చదివింది. క్లీనరు పని. తొమ్మిది వేల జీతం. సొంత ఇల్లు లేదు, బండి లేదు. ఆ తరవాతి వాక్యం దగ్గర ఆగింది.

“సదువు.”

“వృద్ధురాలైన తల్లి మందుల కోసం నెలకు నాలుగు వేలు పంపుతున్నాను.”

“నాకా?”

“నీకే అత్తమ్మా.”

లీలావతి డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. కళ్లలో నీళ్లు రాలేదు. మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది.

“బీపీ గోళీలు నా పింఛన్ పైసలతోటి కొనుక్కుంట. పోయిన నెల పింఛన్ ఆల్చమైతే పక్కింటామె కాడ మూడు వందలు బదులు తెచ్చిన. ఫోన్ చేస్తె, బండికి టైర్లు మార్చిన అమ్మా, చేతుల లెవ్వన్నడు.” కొంచెం ఆగింది. “నన్ను సూపిచ్చి పోరి నోట్లె మట్టి కొట్టిండన్నట్టు.”

రూప కాగితాలను మళ్లీ కట్ట కట్టింది.

లీలావతి మూత తీసింది. లడ్డూ ముక్కను మనవరాలి నోట్లో పెట్టింది. మిగిలినదాన్ని ఒక పళ్లెంలోకి వంచింది. ఖాళీ డబ్బాను చీర కొంగుతో తుడిచి, మూత బిగించి, రూప ముందు పెట్టింది.

“పరసాదం పోరి తిన్నది. డబ్బా నీది. తీసుకపో,” అంది.

మూడు గంటల బస్సు వెళ్లిపోయింది. లీలావతి వెళ్లలేదు. రూప పొయ్యి వెలిగించి, ఆ రెండు టమాటాలతోనే చారు పెట్టింది. నలుగురూ కూర్చుని తిన్నారు. గౌతమ్ రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. స్టాంపు కాగితం మాత్రం ఎవరూ ముట్టుకోకుండా మంచం కిందికి ఎగిరిపోయింది.

మర్నాడు జనగామ కోర్టు వరండాలో ప్రకాశ్ ముందుగానే వచ్చి ఉన్నాడు. వాయిదాలకు వేసుకోవడానికే అన్నట్టు అతనికి ఒక చొక్కా ఉంది. కాలరు చిరిగి ఉంటుంది. కాళ్లకు రబ్బరు చెప్పులు. అతని పక్కన మొండయ్య, ఆయన చంకలో నల్ల సంచి. గౌతమ్‌ను చూసి మొండయ్య చిరునవ్వు నవ్వాడు. గౌతమ్ నవ్వలేదు.

రూప వకీలు ప్రియదర్శిని చిన్న వయసు మనిషి. డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. చూస్తున్నంతసేపూ పెదవి కొరుక్కుంటూనే ఉంది, నవ్వు ఆపుకోవడానికి.

“ఖాళీనే తెచ్చారా?” అంది.

“పిల్ల తిన్నది మేడమ్,” అంది రూప.

కేసు పిలిచారు. ప్రకాశ్ వకీలు లేచి, తన క్లయింటు పేదవాడైనా పెద్ద మనసుతో రెండు లక్షలు ఈరోజే ఇచ్చి రాజీ పడటానికి సిద్ధంగా ఉన్నాడని చెప్పాడు. డబ్బు కూడా బయటే ఉందన్నాడు.

మేజిస్ట్రేటు కళ్లద్దాలు సవరించుకున్నారు. “క్లీనరు కదా ఈయన? రెండు లక్షలు ఎక్కడివి?”

“అప్పు చేశాడు సార్.”

ప్రియదర్శిని లేచి డబ్బాను బల్ల మీద పెట్టింది. కోర్టు గుమాస్తా దాన్ని పైకి అందించాడు. మేజిస్ట్రేటు మూత మీదిది చదివారు. చదివి, ఫోటో వైపు, చిరిగిన కాలరు వైపు ఒకసారి చూశారు.

“ఇది మీరేనా?”

ప్రకాశ్ గుటక మింగాడు. డబ్బా ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి అంతుపట్టలేదు. చుట్టాల పేర్లన్నీ మనసులో తిప్పుకుంటున్నట్టు కళ్లు కదిలాయి.

“నేనే సార్. దోస్తులం అందరం కలిసి పాడినం. నా పేరొక్కటే ఏసిన్రు.”

“అందరూ కలిసి ఎంత కట్టారు?”

“ఇంక కట్టలే సార్. లడ్డు పైసలు అప్పటికప్పుడు కట్టరు. వచ్చే పండుగ లోపల కట్టుడే రివాజు. గప్పటిదాంక అయితయో కావో కూడ తెల్వదు సార్. ఏదో భక్తి కొద్ది పాడిన.”

అతను చెప్పింది అబద్ధం కాదు. మండపాల్లో అదే పద్ధతి. పాట పాడినవాడు ఆ రోజు లడ్డూ ఎత్తుకుపోతాడు, డబ్బు ఏడాదిలోగా కమిటీకి చెల్లిస్తాడు. ప్రకాశ్ వకీలు ఊపిరి పీల్చుకున్నాడు. ప్రియదర్శిని కాగితాలు తిప్పసాగింది. ఇంత దూరం వచ్చి ఇక్కడ కూడా జారిపోతాడా ఈ మనిషి అనుకుంది రూప.

అప్పుడు మేఘన చదివిన తీరు చెవిలో వినిపించింది. వరుసగా రెండోసారి.

“సార్, ఒక్క మాట,” అంది. తన గొంతు ఆ గదిలో వినపడటం ఆమెకదే మొదటిసారి.

“చెప్పండమ్మా.”

“గీ యేడు పైసలు కట్టలే అంటున్నడు సార్. నిజమే అయ్యుంటది. కానీ దాని మీద వరుసగ రెండోసారి అని రాసున్నది. పోయినేడు బాకీ కట్టనోన్ని ఏ మండపంల అన్న మల్ల పాటకు కూసోనిస్తరా సార్?”

గదిలో ముందు గుమాస్తా నవ్వాడు. తరవాత వెనక బెంచీల మీది జనం నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు గానీ తల వంచుకుని పెన్ను మూత తీశారు.

“మా వీధిలో అయితే కూర్చోనివ్వరు,” అన్నారు. “మీ పాప పేరేంటమ్మా?”

“మేఘన సార్.”

“ఈ మేఘన ట్రాన్స్‌పోర్ట్ ఎవరిదండీ ప్రకాశ్ గారూ?”

ప్రకాశ్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు.

ఆ తరవాత అంతా పావుగంటలో అయిపోయింది. దేవుడి బాకీ ఏడాది తిరక్కుండా తీర్చగలిగిన మనిషి బిడ్డ బాకీ పందొమ్మిది నెలలు ఎందుకు ఉంచాడో తనకు అర్థం కావడం లేదన్నారు మేజిస్ట్రేటు. రాజీ సంగతి తరవాత, ముందు డెబ్బై ఆరు వేల పాత బాకీ ఈరోజే కట్టాలన్నారు. ఆస్తులు, బండ్లు, ఆదాయం అన్నీ దాచకుండా పదిహేను రోజుల్లో మళ్లీ రాసివ్వాలనీ, లేదంటే అరెస్టు వారంటేననీ అన్నారు.

“ఇప్పటికిప్పుడు ఎక్కడివి సార్,” అనబోయాడు ప్రకాశ్.

“బయట ఉన్నాయని మీ వకీలు గారే చెప్పారు కదా,” అన్నారు మేజిస్ట్రేటు.

మొండయ్య చంకలోని సంచి తెరుచుకుంది. అంత అయిష్టంగా తెరుచుకున్న సంచి జనగామ కోర్టులో మరొకటి ఉండకపోవచ్చు.

రసీదు మీద సంతకం పెట్టి బయటకు వచ్చాక రూప మెట్ల మీద కూర్చుంది. ఏడుపు వస్తుందనుకుంది. ఆకలి వచ్చింది. గౌతమ్ పరుగెత్తుకెళ్లి మిర్చి బజ్జీలు తెచ్చాడు. కాగితంలో కట్టిన నాలుగు బజ్జీలూ ఆమే తినేసింది. అన్నకు ఒకటైనా ఇవ్వాలని తిన్నాక గుర్తొచ్చింది.

“తిన్నవా? సాలు,” అన్నాడు గౌతమ్. కళ్లు తుడుచుకుని, మిర్చి ఘాటని చెప్పాడు. ఘాటంతా తిన్నది చెల్లెలు. రూపకు అన్న మీద ఎంత ప్రేమ పొంగిందంటే, ఏం మాట్లాడాలో తెలియక ఆయన చొక్కా మీద పడిన దారప్పోగు తీసేసింది.

లీలావతి కోర్టు లోపలికి రాలేదు. గేటు పక్కన బండ్లు పెట్టే షెడ్డు నీడలో కూర్చుని ఉంది. ప్రకాశ్ బయటకు వస్తూ ఆమెను చూశాడు. చూడగానే లెక్క తేలిపోయింది అతనికి.

“నీ డబ్బానా?” అన్నాడు.

లీలావతి తల ఊపింది.

“ఎంత పని చేసినవ్ అమ్మా. జర మనసు పెట్టి సూడు, నేనెవ్వల కోసం కష్టపడుతున్ననో.” గొంతు తగ్గించి, పళ్ల మధ్యలోంచి అన్నాడు. “బచ్చన్నపేట ఇల్లు నా పేరు మీదున్నది. ఇగ ఆ ఇంట్ల అడుగు పెట్టకు.”

అతను వెళ్లి రోడ్డు మలుపులో ఆపుకున్న కారెక్కాడు. రబ్బరు చెప్పులతోనే కారు నడుపుకుంటూ పోయాడు.

గౌతమ్ డ్యూటీకి ఆలస్యమైందని బైకు మీద వెళ్లిపోయాడు. అత్తా కోడళ్లు బస్టాండు దాకా నడిచారు. ఇద్దరి మధ్యా మూడడుగుల దూరం ఉంది. బచ్చన్నపేట బస్సు వచ్చింది. జనం ఎక్కారు. లీలావతి సంచి సర్దుకుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. బస్సు వెళ్లిపోయింది.

తొర్రూరు బస్సు వచ్చినప్పుడు రూప ఆమె చేతిలోంచి సంచి తీసుకుంది.

“ఎక్కు అత్తమ్మా.”

“నీ ఇంటికా?”

“మేఘన బడికెంచి వచ్చే యాలకు అన్నం వండాలె. నేను షాపుకు పోవాలె. ఎవ్వలో ఒకరు ఉండాలె గదా.”

కండక్టరు ఇద్దరి ఆధార్ కార్డులూ చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు రెండు చింపి ఇచ్చాడు. లీలావతి తన టికెట్టును జాగ్రత్తగా మడిచి కొంగుకు ముడి వేసుకుంది. కిటికీలోంచి గాలి వస్తోంది. మూడేళ్లలో మొదటిసారి రూప సీటుకు వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఫీజు కట్టొచ్చు. వకీలు ఫీజు అన్నకు సగమైనా తిరిగి ఇవ్వొచ్చు. వచ్చే నెల ఏమవుతుందో తెలియదు, కానీ ఈ నెలకు ఊపిరి ఆడుతోంది. కళ్లు మూసుకుంది.

“బిడ్డా, ఒకటి చెప్పాలె,” అంది లీలావతి.

“చెప్పు.”

“సార్ బండ్ల సంగతి రాసియ్యమన్నడు గదా. వాడు రాయడు. రాసినా తనకు బండ్లు లెవ్వనే రాస్తడు. అది అబద్దం కాదు.” తన కుడిచేతి బొటనవేలిని చూసుకుంది. “రెండు టిప్పర్లు నా పేరు మీదున్నయి. కాగితాల మీద ఏలు పెట్టమంటె పెట్టిన. వచ్చే నెల మూడోది తీసుకుంటడట. ఫైనాన్సోల్లు మల్ల నా ఏలే కావాలంటున్నరట.”

రూప కళ్లు తెరిచింది. కొంతసేపు ఆ బొటనవేలి వైపే చూసింది.

“ఆయనకు యాదికి రాలేదా? ఇంట్ల అడుగు పెట్టకన్నడు గదా నిన్ను.”

“కోపంల యాదికి రాలేదేమో.”

పాలకుర్తి దాటుతుండగా సంచిలో ఫోను మోగింది. లీలావతికి చెవి సరిగా వినపడదు, ఫోనెప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది. ప్రకాశ్ గొంతు బస్సులో నాలుగు సీట్ల దాకా వినిపించింది.

“అమ్మా, ఎక్కడున్నవ్? కోపంల ఏదో అన్న, మనసుల పెట్టుకోకు. బస్టాండుల్నే కూసో, కారు తెస్తున్న. ఇంటికి పోదాం.”

లీలావతి కోడలి వైపు చూడలేదు. కిటికీ బయటికే చూస్తూ మాట్లాడింది.

“నేను తొర్రూరు బస్సుల ఉన్న నాయినా. ఇంటికే పోతున్న. మూడో బండి కాగితాలు గక్కడికే పట్టుకరా.”

“గక్కడికెందుకమ్మా?”

“నాకు సదువు రాదు గదా. మేఘన సదివి చెప్పినంకనే ఏలు పెడుత. పెట్టాల్నో వద్దో గదే చెప్తది.”

ఫోను పెట్టేయలేదు ప్రకాశ్. అలాగని మాట్లాడనూ లేదు. అత్తా కోడళ్లిద్దరూ ఆ ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు.